చెంబుతో స్నానం

సిడ్నీ శివారు గిరావీన్‌లో ఒక అపార్ట్‌మెంట్ పైఅంతస్తులో మేము అద్దెకున్న యూనిట్ తలుపు లాగితే చాలు, దానంతటదే తాళం పడిపోయేది. తాళంచెవి ఒక్కటే. కింద మెయిన్ డోరుకీ అదే. ఇంకోటి చేయించాలంటే ఓనరు ఒప్పుకోవాలనీ, ఆయన దేశంలో లేడనీ ఏజెంటు చెప్పాడు. కింద నుంచి పిలవడానికి ఉన్న బజర్ మేము చేరేనాటికే పాడైపోయి ఉంది. మా ఆయనకి ఆఫీసులో ఎప్పుడు వదులుతారో తెలియదు గనక తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. దాంతో రోజూ పొద్దున నాకు రెండే దారులు. ఆయనతోపాటు బయటపడితే మళ్ళీ ఆయన వచ్చేదాకా బయటే. లేకపోతే లోపలే. పెళ్ళయి వచ్చిన కొత్త, ఇంగ్లీషు మాట్లాడాలంటే భయం, చేతిలో కారు లేదు. నేను లోపలే ఉండిపోయేదాన్ని.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడిపోతాయని లోకమంతా కంగారుపడుతున్న రోజులవి. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న మా ఆయన్ని కన్సల్టెన్సీవాళ్ళు సిడ్నీ తెచ్చి ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాముల ముందు కూర్చోబెట్టారు. ఆయన వాటిలో తేదీలు వెతికి సరిచేసేవారు. ఇంటికొచ్చాక అన్నం తింటూనే కునికేవారు. నేను పగలంతా ఎవరితోనూ మాట్లాడి ఉండేదాన్ని కాదు గనక ఆయన రాగానే ఎడతెగకుండా మాట్లాడేదాన్ని. "కాసేపు ఊరుకోవే, తల పగిలిపోతోంది" అనేవారు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

స్నానం కూడా నాకు సరిగ్గా దక్కేది కాదు. అద్దాల గూడులాంటి షవర్‌లో మోచేతులు రెండు పక్కలా తగిలేవి. బాపట్ల దగ్గర మా నాయనమ్మ ఇంట్లో పెరట్లో తడికల చాటున స్నానాలరాయి ఉండేది. కాగులో నీళ్ళు మరిగించి గంగాళంలో చన్నీళ్ళతో తొరిపి, చెంబుతో ముంచి ముంచి పోసుకుంటే గాని మాకు ఒళ్ళు కడుక్కున్నట్టు ఉండేది కాదు. అందుకని బకెట్టూ మగ్గూ కొనిపించుకుని షవర్ బయట, నీళ్ళు పోయే కన్నం లేని నేలమీద కూర్చుని తలంటుకున్నాను. సాయంత్రానికి కింది ఇంటాయన వచ్చి వాళ్ళ సీలింగుకి చెమ్మ దిగిందని మా ఆయనతో గట్టిగా మాట్లాడి వెళ్ళాడు. "ఇక్కడ అట్లా కుదరదు. షవర్‌లోనే కానిచ్చెయ్" అన్నారు మా ఆయన. బకెట్టు బాల్కనీలోకి పోయింది.

ఆదివారాలు మాత్రం రైల్వేస్టేషన్ దగ్గర చర్చికి వెళ్ళేవాళ్ళం. మా నాన్న బడిపంతులు, ఆదివారాలు ప్రసంగం కూడా చెప్పేవారు. అందుకని చర్చి ఒక్కటే నాకు అక్కడ తెలిసిన చోటులా ఉండేది. సండేస్కూలు నడిపే ఒక పెద్దావిడ అక్కడ ఉండేవారు. ఎనభైకి దగ్గర్లో ఉంటారు. ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయారు, ఒక్కతే కూతురు, మెల్‌బోర్న్‌లో ఉంటుంది. చేతికర్ర పట్టుకుని గంభీరంగా నడిచేవారు. అక్కడ అందరూ ఆవిడని పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాక "ఆంటీ" అన్నాను. "నన్నెవరూ ఇంతవరకూ ఆంటీ అనలేదే!" అని పగలబడి నవ్వారు.

సెప్టెంబరులో పిల్లలకి సెలవులిచ్చినప్పుడు ఆవిడ చర్చి హాల్లో బైబిలు కాలపు ఊరు కట్టించారు. అట్టముక్కలతో బావి, సంత, కుమ్మరి కొట్టు. "నువ్వు ఆ కాలపు ఇంటి ఇల్లాలిగా కూర్చోవాలి. నీ దగ్గర ఆ అందమైన బట్టలున్నాయిగా, అవే కట్టుకో" అన్నారు. ఎవరో ఒకరు నన్ను పిలిచారన్న సంతోషంలో సరేనన్నాను. నీలం రంగు నేతచీర కట్టుకుని పొద్దున మా ఆయనతోపాటు బయటికొచ్చి ఆయన రైలెక్కాక నేను హాలుకి వెళ్ళాను.

చాప పరిచి, నీళ్ళకుండ పెట్టి, చుట్టూ తాడు కట్టారు. చెప్పవలసిన మాటలు కూడా ఆవిడే నేర్పారు. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు కాళ్ళకు నీళ్ళిస్తాం. దుమ్ములో నడిచి వస్తారు గదా. తర్వాత తలకు నూనె రాస్తాం. చాపమీద కూర్చుని తింటాం. ఎండాకాలం డాబామీద పడుకుంటాం. ఆడవాళ్ళం సాయంత్రం బావికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంటాం. ఇంట్లో స్నానాల తొట్టి ఉండదు, చెంబుతో పోసుకుంటాం.

వాటిని నేను బట్టీపట్టాల్సిన పని లేకపోయింది. గుంపు తర్వాత గుంపుగా పిల్లలు వచ్చారు. చెప్పులు విప్పించి, ఆ చిన్న చిన్న కాళ్ళమీద నీళ్ళు పోసి తువ్వాలుతో తుడిచాను. కితకితలకి వాళ్ళు కిలకిల నవ్వారు. మొదట్లో నాకూ సరదాగానే ఉంది. పళ్ళు ఊడిన ఒక పాప మాత్రం నవ్వకుండా నన్నే పరీక్షగా చూసింది.

"నువ్వు నిజంగానే ఆ కాలం నుంచి వచ్చావా?"

"లేదమ్మా, ఇండియా నుంచి."

"అక్కడ ఇంకా ఆ కాలమేనా?"

వాళ్ళమ్మ మొహం ఎర్రబడింది. "సారీ, సారీ" అని పాపని లాక్కెళ్ళింది. పాప తప్పేమీ లేదు. పొద్దుటి నుంచీ నేను చెప్తున్నదే అది. మా నాయనమ్మ ఇల్లు, మా పెరడు, మా అమ్మ నా తలకు నూనె పెట్టే పద్ధతి, అన్నీ రెండువేల ఏళ్ళ కిందటి సంగతులుగా చెప్తున్నాను. తాడు అవతలివాళ్ళు చూసి వెళ్ళిపోతున్నారు. లేచి వెళ్ళిపోవాలనిపించింది. ఎక్కడికి వెళ్తాను? మా ఆయన సాయంత్రం గాని రారు. కింద మెయిన్ డోరు ముందు మెట్లమీద కూర్చోవాలి. తర్వాతి గుంపు వచ్చింది. "మా ఇంటికి ఎవరొచ్చినా ముందు కాళ్ళకు నీళ్ళిస్తాం" అని మళ్ళీ మొదలుపెట్టాను.

పిల్లలంతా వెళ్ళిపోయాక ఆంటీ తాడు కిందికి దించుకుని లోపలికొచ్చి స్టూలు మీద కూలబడ్డారు. "నాకూ కడుగు లవ్. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాను" అన్నారు. లవ్ అంటే అక్కడ 'అమ్మా' అన్నట్టు. మేజోళ్ళు లాగడానికి ఆవిడ చెయ్యి అందలేదు. నేనే తీశాను. లోపల గోళ్ళు పెరిగి వంకర్లు తిరిగిపోయి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని పగిలింది. ఎన్ని నెలలుగానో ఆవిడ చేతులు ఆవిడ కాళ్ళని చేరలేదని అర్థమైంది. నేను తలెత్తలేదు. నీళ్ళు చల్లారేదాకా కడిగాను. మేజోళ్ళు మళ్ళీ తొడిగాక, "గురువారం మధ్యాహ్నం మా ఇంటికి టీకి రా" అన్నారు.

అలా గురువారాలు మొదలయ్యాయి. ఆ రోజు పొద్దున్నే మా ఆయనతో బయటపడి, మధ్యాహ్నందాకా లైబ్రరీలో గడిపి, ఆవిడ ఇంటికి వెళ్ళేదాన్ని. చెక్కఇల్లు, వెనక నిమ్మచెట్టు. పాత కాలంలో ఆవిడా భర్తా యెరూషలేము వెళ్ళినప్పుడు తీసిన ఫొటోలు గోడలమీద ఉండేవి. బైబిలు కాలపు ఇళ్ళ గురించి ఆవిడకి తెలియనిది లేదు. డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో కాళ్ళు కడుక్కోవడానికి, మధ్యలో పాదం ఆనించుకునే మిట్ట ఉన్న మట్టితొట్లు ఉండేవట. సబ్బు లేనివాళ్ళు చవుడూ, మొక్కల బూడిదా వాడేవారట. మా పెరట్లో కుంకుడుకాయలూ సున్నిపిండీ సంగతి నేను చెప్పాను. హాల్లోలాగా కాదు, ఒకరి ఇంటి సంగతి ఇంకొకరు అడిగినట్టు అడిగేవారు. నీళ్ళు ఎవరు కాచేవారు, ముందు ఎవరు పోసుకునేవారు, వర్షాకాలంలో ఏం చేసేవారు అని. నా ఇంగ్లీషు అక్కడే కాస్త కాస్త బయటికి రావడం మొదలైంది.

బైబిల్లో డాబామీది నుంచి ఒక రాజు చూసి మోహించిన, స్నానం చేస్తున్న ఆవిడ కథ ఒకసారి మాటల్లో వచ్చింది. "దాన్ని పిల్లలకెప్పుడూ చెప్పలేదు" అన్నారు ఆంటీ. "ఆవిడ చేసిందేముంది? ఇంట్లో స్నానం చేసింది. చూసినవాడిని వదిలేసి అందరూ ఆవిడ గురించే మాట్లాడతారు." మా నాయనమ్మ తెల్లవారకముందే స్నానం ముగించేదని, పొలం గట్టుమీద మగవాళ్ళు తిరగడం మొదలైతే తడికల్లోంచి కనిపిస్తామని భయమని చెప్పాను. ఆంటీ నా మొహంలోకి చూసి, "నేను జూన్‌లో శీతాకాలం మొదలైనప్పటి నుంచీ తొట్టిలోకి దిగలేదు. తుంటి సహకరించడం లేదు. గుడ్డ తడిపి తుడుచుకుంటున్నాను" అన్నారు. ఆ మాట అన్నాక వెంటనే లేచి కప్పులు తీసేశారు.

అక్కడ ఎండాకాలం డిసెంబరులో. ఆ ఏడు నవంబరు చివర్లోనే ఎండలు మండిపోయాయి. ఒక గురువారం వెళ్ళి తలుపు కొడితే జవాబు లేదు. మళ్ళీ కొట్టాను. ఇంటి పక్కగా ఉన్న మసక అద్దం కిటికీలోంచి సన్నగా వినిపించింది.

"ఎవరది?"

"నేనే ఆంటీ!"

"వెనక తలుపు తీసే ఉంది. లోపలికి రా. కంగారుపడకు."

స్నానాలగదిలో ఎత్తయిన ఇనప తొట్టి. అందులో, చల్లారిపోయిన నీళ్ళలో ఆవిడ కూర్చుని ఉన్నారు. ఒక చేత్తో తొట్టి అంచు పట్టుకున్నారు, రెండో చేత్తో చిన్న గుడ్డ గుండెలకి అడ్డం పెట్టుకున్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఉక్క భరించలేక పొద్దున దిగారట. లేవబోతే కాలు జారిందట, ఎంత ప్రయత్నించినా మళ్ళీ లేవలేకపోయారట.

"నావైపు చూడకు" అన్నారు. నేను తల తిప్పుకున్నాను. మళ్ళీ ఆవిడే, "చూడకుండా ఎలా లేపుతావులే. రా" అన్నారు.

"అంబులెన్స్ పిలుస్తాను ఆంటీ."

"వద్దు!" గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "వాళ్ళొస్తే నా కూతురికి తెలుస్తుంది. ఈ ఇల్లు అమ్మించి నన్ను ముసలాళ్ళ హోములో పెడుతుంది. వద్దు లవ్, ప్లీజ్."

ఏం చెయ్యాలో తోచలేదు. అక్కడ నేనెవరిని? ఏదైనా జరిగితే నన్నడుగుతారు, మా ఆయన్ని అడుగుతారు. వీసా భయం ఎప్పుడూ మా ఇద్దరి మెడమీదే ఉండేది. కాని ఆవిడ వణుకుతున్నారు. ముందు బిరడా పీకి నీళ్ళు వదిలేశాను. పొడి తువ్వాళ్ళు కప్పి వీపు రుద్దాను. ఎక్కువ పంచదార వేసి టీ కలిపి తాగించాను. వణుకు తగ్గాక చంకల్లో చేతులు వేసి ఎత్తబోతే నావల్ల కాలేదు. తొట్టి నున్నగా ఉంది, ఆవిడ భారీ మనిషి. చివరికి సల్వార్ పైకి మడిచి నేనే తొట్టిలోకి దిగాను. ఒక పక్కకి ఒరిగించి కింద మడత తువ్వాలు దూర్చాను, రెండో పక్కకి ఒరిగించి ఇంకోటి. ఆ తర్వాత దుప్పటి, దాని మీద సోఫా దిండు. అలా కొంచెం కొంచెంగా ఎత్తు పెంచుకుంటూ తొట్టి అంచుదాకా తెచ్చి, అంచుమీద కూర్చోబెట్టి, కాళ్ళు ఒక్కొక్కటే ఇవతలికి తిప్పాను. మధ్యలో ఆవిడ, "స్కూల్లో పియానో జరిపినట్టుంది" అన్నారు. ఇద్దరం నవ్వబోయి ఏడ్చాం.

దెబ్బలేమీ తగల్లేదు. కాని ఆవిడ ఒళ్ళు ఇంకా చల్లగానే ఉంది, తొట్టివైపు చూడ్డానికే భయపడుతున్నారు. వెనకవైపు బట్టలుతికే లాండ్రీ గది ఉంది. సిమెంటు నేల, మూలన నీళ్ళు పోయే కన్నం. అది చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. తోటలోని ప్లాస్టిక్ కుర్చీ కడిగి అక్కడ వేశాను. వేణ్ణీళ్ళు బకెట్లో తొరిపి, చెంబు లేక పాలు కాచే గిన్నెతో ముంచి, ముందు పాదాలమీద, తర్వాత మోకాళ్ళమీద, భుజాలమీద, చివరికి తలమీద పోశాను. నీళ్ళు తలమీద పడగానే ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

"ఇన్నేళ్ళూ పిల్లలకి బొమ్మ చూపించి చెప్పాను," అన్నారు కళ్ళు తెరవకుండానే. "కుండతో నీళ్ళు పోస్తున్న బొమ్మ. పాపం, తొట్టి లేదు వాళ్ళకి, అని చెప్పేదాన్ని. ఇంకొంచెం పొయ్యి."

వీపు తోమాను, గోళ్ళు నానాక కత్తిరించాను. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నారు. మాట ఇచ్చాను. ఆ సాయంత్రం రైలుకట్ట పక్కన నడుస్తూ లెక్కవేసుకున్నాను. నేను వారానికి ఒక్కసారి వెళ్తాను. మిగతా రోజుల్లో ఆవిడ మళ్ళీ తొట్టిలోకి దిగితే? చెప్తే ఆవిడ ఇల్లు పోతుంది, చెప్పకపోతే ప్రాణమే పోవచ్చు. మా ఆయనకి కూడా చెప్పలేకపోయాను. తెలిస్తే ఆయన నన్ను అటువైపు వెళ్ళనివ్వరు. ఆ గురువారం కూడా పోతే నాకు ఇంకేమీ మిగలదు.

ఆ తర్వాత ప్రతి గురువారం లాండ్రీలో స్నానం. తొట్టిలోకి ఒంటరిగా దిగనని ఆవిడ చేత నేనూ మాట తీసుకున్నాను. కొబ్బరినూనె తెచ్చి పాదాలకి రాసేదాన్ని. పగుళ్ళు మానాయి.

క్రిస్మస్‌కి కూతురు వచ్చింది. లాండ్రీలో కుర్చీ, బకెట్టు, నూనెసీసా చూసి ఇవేమిటని అడిగింది. ఆంటీ అబద్ధం ఆడలేకపోయారు. నేను పలకరించడానికి వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు, ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. కూతురు నన్ను కావలించుకుని థాంక్స్ చెప్పింది. తర్వాత నెమ్మదిగా అడిగింది:

"ఆ రోజు గురువారం కాకపోయి ఉంటే?"

ఆంటీ కిటికీలోంచి నిమ్మచెట్టువైపు చూస్తూ ఉండిపోయారు.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఆగలేదు, కరెంటు పోలేదు. మా ఆయన టీమంతా ఒకరినొకరు అభినందించుకున్నారు. కొద్ది వారాలకి ఒక్కొక్కరికే ఇక రావద్దని చెప్పారు. మా ఆయన వంతూ వచ్చింది. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఆయన రోజంతా ఫోను పక్కన కూర్చునేవారు, నేను వంటింట్లో చప్పుడు కాకుండా తిరిగేదాన్ని. ఇద్దరికీ ఆ రెండు గదులు చాలేవి కావు. ఆఖరికి చిన్న కంపెనీ ఒకటి ఆయన్ని తీసుకుంది. అప్పటికి ఆంటీ ఇంటి ముందు అమ్మకం బోర్డు పడింది.

కూతురు ఆవిడని చేర్చిన హోము శుభ్రంగానే ఉంది. తలుపు దగ్గర అంకెలు నొక్కితేగాని తెరుచుకోదు. నేను మొదటిసారి వెళ్ళేసరికి ఇద్దరు యూనిఫారం అమ్మాయిలు ఆవిడని చక్రాలకుర్చీలో షవర్ గదికి తీసుకెళ్తున్నారు. తలుపు పూర్తిగా మూయలేదు. లోపలికి పోయిన కుర్చీ నేను కారిడార్లో కూర్చునేలోపే బయటికి వచ్చేసింది. ఆవిడ జుట్టు తడిగా నుదుటికి అంటుకుని ఉంది.

"ఎలా ఉంది ఆంటీ ఇక్కడ?"

"మంచి పిల్లలు," అన్నారు. "తొందరెక్కువ."

నూనె రాయనా అని నర్సుని అడిగాను. స్టాఫ్ తప్ప ఎవరూ రాయకూడదని మర్యాదగానే చెప్పింది. ఆంటీ నా చేతిమీద తట్టి, "పోనీలే లవ్" అన్నారు. ఆ 'పోనీలే'ని నేను భరించలేకపోయాను. ఆవిడ ఎన్నడూ దేన్నీ అలా వదిలేసిన మనిషి కాదు.

ఇంటికి వచ్చి మా ఆయనతో, వృద్ధుల్ని చూసుకునే పని నేర్పే కోర్సులో చేరతానన్నాను. తొట్టి సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఆయన నిర్ఘాంతపోయారు.

"బీఎస్సీ చదివి, ముసలాళ్ళకి స్నానాలు చేయిస్తావా? మనవాళ్ళు ఏమనుకుంటారు?"

"మనవాళ్ళెవరున్నారండీ ఇక్కడ, అనుకోవడానికి?"

ఆయన లేచి చొక్కా మార్చుకుని వచ్చారు. "క్లాసులెక్కడ? రైలుందా?" అని మాత్రం అడిగారు.

మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ప్రభువు తన శిష్యుల పాదాలు కడగడం గురించి ఆయన ప్రసంగం వింటూ పెరిగినదాన్ని. సంతోషిస్తారనుకున్నాను. "మంచిపనేనమ్మా," అన్నారు. "కాని ఇక్కడెవరితోనూ అనకు. ఆఫీసులో చేస్తున్నావని చెప్తాను."

కోర్సు పూర్తికాకముందే ఆంటీ పోయారు. చర్చిలో ఆవిడ గురించి చాలామంది మాట్లాడారు. నన్నూ మాట్లాడమన్నారు గాని లేవలేకపోయాను.

నాకు పని దొరికింది వేరే హోములో. అక్కడా తలుపులకి అంకెలే, అక్కడా తొందరే. పొద్దుటిపూట నా వంతుకి వచ్చిన ముసలమ్మలందర్నీ టిఫిను వేళకి సిద్ధం చెయ్యాలి. మొదటిరోజు నాకు అప్పగించిన గ్రీకు ముసలమ్మ నీళ్ళంటే భయపడి షవర్ కడ్డీని వదల్లేదు. నేను షవర్ కట్టేసి, అక్కడున్న ప్లాస్టిక్ జగ్గులో గోరువెచ్చటి నీళ్ళు పట్టి ముందు ఆవిడ పాదాలమీద పోశాను. వేడి సరిపోయిందా అని అడిగాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నా మొహం చూసి, తన కాళ్ళమీదుగా పారుతున్న నీళ్ళు చూసుకుని ఆలోచిస్తోంది. బయట నుంచి తోటి అమ్మాయి తలుపు కొడుతోంది, "అయిందా? ఇంకా ఎంతసేపు?" అని. జగ్గు పట్టుకుని ముసలమ్మ తల ఊపేదాకా అలాగే నిలబడ్డాను.